బోర్డెన్‌టౌన్ బడి దగ్గర అమ్మ వేసిన జీతం లెక్క

శనివారం.

టైర్లు మార్పించే పని నా మీద పడింది. ఆయన చిన్నదాన్ని ఈత క్లాసుకి తీసుకెళ్ళారు. నేను కారు తాళాలు తీసుకుంటుంటే అమ్మ అప్పటికే గుమ్మం దగ్గర రెడీ. చీర మీద స్వెట్టరు, దాని మీద నా పాత జాకెట్టు, కాళ్ళకి సాక్సు, బూట్లు. వచ్చి రెండు నెలలు కావస్తున్నా ఈ ఊరి ఎండని అమ్మ నమ్మదు. "ఎండ కాస్తోంది కానీ వేడేదే?" అంటుంది. కారు మీద పుప్పొడి పసుపు చల్లినట్టు పడి ఉంది. వేలితో తుడిచి చూసి, "పెళ్ళికారులా ఉంది" అని ఎక్కింది.

రూట్ 130 మీద టైర్ల షాపు. రెండు గంటలు పడుతుందన్నాడు. అక్కడ కూర్చుంటే ఒక టీవీ, చేదు కాఫీ, రబ్బరు కంపు. న్యూజెర్సీలోని ఈ బోర్డెన్‌టౌన్ పాత ఊరు అక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరమే కాబట్టి బయల్దేరాం. ఇన్నేళ్ళుగా ఈ చుట్టుపక్కలే ఉంటున్నా, బోర్డెన్‌టౌన్ అంటే మాకు టర్న్‌పైక్ ఏడో ఎగ్జిట్టూ, అక్కడి ట్రక్ స్టాపూ. ఊళ్ళోకి వెళ్ళిందే తక్కువ. కానీ మార్చిలో చిన్నదానికి స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. పేరున్న మనిషి వేషం వేసుకుని బొమ్మలా నిలబడాలి, ఎవరైనా వచ్చి చేతిమీద తడితే ఆ మనిషిలా నాలుగు ముక్కలు మాట్లాడాలి. మా దానికి అమెరికన్ రెడ్‌క్రాస్ పెట్టిన క్లారా బార్టన్ వచ్చింది. నా తెల్ల చున్నీ ఏప్రన్ అయింది, ఎర్ర కాగితం కత్తిరించి దాని మీద అంటించాం. ఆ వంకతో నేను లైబ్రరీ నుంచి తెచ్చినవీ ఇంట్లో చదివినవీ కలిపి ఆవిడ గురించి బాగానే తెలిసింది. ఆవిడ పాఠం చెప్పిన బడి మనింటికి ఇంత దగ్గర్లో ఉందని అప్పుడే తెలిసింది కూడా.

ఊరు డెలావేర్ నది ఒడ్డున, కాస్త ఎత్తు మీద ఉంది. పెద్ద వీధి ఫార్న్స్‌వర్త్ ఎవెన్యూ. రెండు పక్కలా పాత ఇటుక ఇళ్ళు, కింద కొట్లు. నెపోలియన్ అన్నగారు జోసెఫ్ స్పెయిన్ రాజరికం పోయాక ఇక్కడికొచ్చి ఎస్టేటు కట్టుకున్నాడని చెప్తే అమ్మ "ఊఁ" అంది. అంతే. పక్కన ఒకావిడ మూడు కుక్కల్ని నడిపిస్తూ పోతోంది, అమ్మ దృష్టి వాటి మీద ఉంది.

క్రాస్‌విక్స్ స్ట్రీట్‌లోకి తిరిగాక మాత్రం అమ్మ నడక మారింది. ఒక మూల మీద చిన్న ఇటుకల గది. గది అనే అనాలి. పక్కనున్న ఇళ్ళ ముందు అది కారు షెడ్డంత ఉంది. "క్లారా బార్టన్ స్కూల్‌హౌస్" అంటారు. ఆ ఊరి చరిత్ర సంఘం చూసుకుంటుంది. ఇవాళ తలుపు వేసి ఉంది.

"ఏకోపాధ్యాయ పాఠశాల," అంది అమ్మ చూడగానే.

అమ్మ కోనసీమలో మా ఊరి బళ్ళో విద్యా వాలంటీరుగా చేసింది. ఆ మాట తర్వాత రాస్తాను. బడి కనిపిస్తే అమ్మ చూసే పద్ధతే వేరు. నేను ఫోటో ఎటునుంచి తీస్తే బాగుంటుందా అని చూస్తుంటే, అమ్మ గోడ వెంబడి అడుగులు వేసుకుంటూ పోతోంది. పొడవు కొలిచింది. తర్వాత వెడల్పు. మనసులో ఏదో లెక్క కట్టింది. కిటికీ అద్దం మీద రెండు చేతులూ అడ్డం పెట్టి లోపలికి తొంగి చూసింది. "వెలుతురు ఎడమ పక్కనించి పడాలే. కుడి పక్కనించి పడితే రాసేటప్పుడు చెయ్యి నీడ పలక మీద పడుతుంది. బోర్డు ఎటు పెట్టేదో ఈవిడ." లోపల సరిగా ఏమీ కనపడలేదు, అద్దంలో మా ఇద్దరి మొహాలే ఎక్కువ కనపడుతున్నాయి. "ముప్ఫై మంది. ఇరికిస్తే నలభై. అంతకంటే పట్టరు," అని తేల్చింది.

అక్కడే ఒక అరుగులాంటి చోట కూర్చుని నేను చెప్పడం మొదలుపెట్టాను.

క్లారా బార్టన్ మాసచూసెట్స్ మనిషి. 1821 డిసెంబర్ 25న పుట్టింది. పదిహేడూ పద్దెనిమిదేళ్ళకే బడిపంతులమ్మ అయింది. మహా సిగ్గరి. కానీ క్లాసులో ఆకతాయి మగపిల్లల్ని బెత్తంతో కాకుండా, వాళ్ళతోపాటు ఆటల్లో దిగి దారికి తెచ్చుకుందట. పదేళ్ళ పైచిలుకు చెప్పాక, ఇక కొన్నాళ్ళు తనే చదువుకుందామని కాలేజీలాంటి చోటికి వెళ్ళింది. ఆ తర్వాత స్నేహితుల ఇంటికని న్యూజెర్సీ వచ్చి, 1852లో ఈ బోర్డెన్‌టౌన్ చేరింది.

అప్పటికి ఈ ఊళ్ళో బళ్ళన్నీ డబ్బు కట్టి చదివేవే. ఉచిత బడి పెట్టుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు, అయినా ఎవరూ పెట్టలేదు. ఉచిత బడంటే బిచ్చగాళ్ళ బడి అని జనానికి చిన్నచూపు. ఫీజు కట్టలేని పిల్లలు వీధి మొగల్లో గుంపులుగా నిలబడి కనపడేవాళ్ళు. బడికెందుకు వెళ్ళరని ఈవిడ అడిగితే, మాకు బడేదీ అన్నారట. ఆవిడ తిన్నగా స్కూలు కమిటీ పెద్ద దగ్గరికి పోయింది. ఆయన నిరుత్సాహపరిచాడు. ఆ పిల్లలు చదువుకునే రకం కాదు, తల్లిదండ్రులు పంపరు, డబ్బు తీసుకుని బడి నడిపేవాళ్ళు ఊరుకోరు అన్నాడు.

"ఇది ఎక్కడో విన్నట్టే ఉందే," అంది అమ్మ. "మన ఊళ్ళో కాన్వెంటు వ్యాను వచ్చిన ఏడాది ఇదే మాట. గవర్నమెంటు బడికా పంపేది, పరువు పోదూ అని. టై కట్టి పంపితే చాలు, ఇంటికొచ్చి ఏం చదివాడో అడిగేవాడు లేడు."

ఈవిడ ఆయనతో చెప్పిందేమిటంటే: మూడు నెలలు నాకు జీతం వద్దు. మీరు బడి తెరవండి, ఊరందరికీ ఉచితమని చెప్పండి, చెప్పడం నా వంతు. ఒప్పుకున్నారు. మొదటి రోజు వచ్చింది ఆరుగురు.

"ఆరుగురా! మరి మిగతావాళ్ళని ఎలా పట్టుకొచ్చింది? బడిబాట చేసిందా?"

బడిబాట అనే మాట అమ్మ నోట విని నవ్వొచ్చింది కానీ నిజానికి జరిగిందదే. వచ్చిన ఆరుగురూ వెళ్ళి మిగతావాళ్ళకి చెప్పారు. వారాలు తిరిగేసరికి గది నిండింది, తర్వాత గది చాలలేదు. తన ఊరు నుంచి ఇంకో పంతులమ్మని పిలిపించుకుంది. ఏడాది తిరిగేసరికి పిల్లలు వందల్లోకి వెళ్ళారు. అప్పుడు ఊరివాళ్ళు కూడా మేలుకుని, ఆరు వందల మంది పట్టే కొత్త బడి కట్టించారు, నాలుగు వేల డాలర్లు పెట్టి. 1853 సంగతి.

అమ్మ జూన్ నెలల్లో ఇంటింటికీ తిరిగిన సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. ఒక ఇంట్లో పిల్లని పంపమంటే చెల్లెల్ని ఎత్తుకునేదెవరన్నారట. చెల్లెల్ని కూడా తీసుకురమ్మంది అమ్మ. ఏడాదంతా ఆ చంటిది ఒకటో తరగతి వరసలో చాప మీద నిద్రపోయేది. "అది పెద్దదై బీయస్సీ చదివిందే, ఇప్పుడు కాకినాడలో ఉంది," అంది. ఆ చంటిదే బడిని బాగా వాడుకుందని ఇద్దరం నవ్వుకున్నాం.

మిగతా కథ నేను కొంచెం భయపడుతూనే చెప్పాను, ఎందుకంటే అమ్మకి ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. కొత్త బడి కట్టాక దానికి హెడ్మాస్టరు కావాల్సొచ్చింది. అంత పెద్ద బడి ఆడమనిషి నడపలేదనుకున్నారు. బయటినుంచి ఒక మగాయనని తెచ్చారు. ఆయన జీతం ఏడాదికి 600 డాలర్లు. బడిని ఆరుగురితో మొదలుపెట్టిన ఈవిడ ఆయన కింద "ఫిమేల్ అసిస్టెంటు". జీతం 250.

అమ్మ మాట్లాడలేదు. కాసేపటికి, "సగం కూడా కాదు," అంది.

"ఆయనకి పడలేదు ఈవిడంటే. ఆరోగ్యం చెడింది, గొంతు పోయింది. 1854లో రాజీనామా చేసి వాషింగ్టన్ వెళ్ళిపోయింది."

"గొంతు పోదూ మరి. ఒక్క గదిలో అంతమందికి చెప్తే."

ఇప్పుడు అమ్మ సంగతి. తొంభైల చివర్లో విద్యా వాలంటీర్లని పెట్టినప్పుడు మా బళ్ళో ఒకే మాస్టారు, ఐదు తరగతులు. ఊళ్ళో డిగ్రీ చదివిన ఆడవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అమ్మని అడిగారు. నెలకి వెయ్యో పదిహేను వందలో, అదైనా చేతికొచ్చేసరికి మూడు నాలుగు నెలలు కలిపి. ఏప్రిల్ 23 ఆఖరి పనిదినం కాగానే ఉద్యోగం అయిపోయినట్టే, మళ్ళీ బళ్ళు తెరిచాక పిలిస్తే వెళ్ళాలి. వేసవి రెండు నెలలూ పైసా లేదు. ఒకటి, రెండు తరగతులు అమ్మవి. పక్క గదిలో మాస్టారికి అమ్మకంటే ఎన్నో రెట్లు జీతం, ఆయన మంచాయన, ఆయన తప్పేం లేదు. తర్వాత డీయస్సీలో ఎంపికైన కొత్త టీచరు వచ్చింది, అమ్మ ఇంటికొచ్చేసింది. వీడ్కోలు నాడు ఒక స్టీలు క్యారేజీ ఇచ్చారు. దాన్లోనే ఇప్పటికీ నాన్న పొలానికి అన్నం పట్టుకెళ్తారు.

అమ్మ దీన్ని ఎప్పుడూ ఏడుపులా చెప్పదు. లెక్కలా చెప్తుంది. ఇవాళ కూడా లెక్కలోకే దిగింది.

"మూడు నెలలు ఊరికే చెప్తానంది. అది ఆవిడ మనసు. దానికి దణ్ణం పెట్టాలి. మూడు నెలలయ్యాక బడి నిలబడింది, పిల్లలొచ్చారు, ఊరు డబ్బు తీసి బిల్డింగు కట్టింది. బిల్డింగుకి నాలుగు వేలు ఉన్నప్పుడు ఆవిడకి ఇంకో మూడు వందల యాభై లేకపోయిందా?"

నాకు ఆ ముక్క తట్టలేదు, ఇన్ని చదివినా. ఆవిడ ఊరికే చెప్పింది కదా, ఇచ్చింది పుచ్చుకుంటుందిలే అనుకుని ఉంటారు. క్లారా బార్టన్ మాటగా ఒకటి చెప్తారు: అవసరమైతే ఊరికే పాఠం చెప్తాను కానీ, జీతమంటూ ఇచ్చేటట్టయితే మగవాడి పని మగవాడి జీతానికి తక్కువగా చెయ్యను అని. అమ్మ దాన్ని రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత వాషింగ్టన్‌లో పేటెంట్ ఆఫీసులో గుమాస్తాగా చేరినప్పుడు మగ గుమాస్తాలతో సమానంగా ఏడాదికి 1,400 డాలర్లు తీసుకుందని చెప్తే, అమ్మ తొడ మీద చరుచుకుని "అదీ!" అంది. అక్కడ కూడా ఆడవాళ్ళు ఆఫీసులో ఉండటం పైవాళ్ళకి నచ్చక తర్వాత కాపీ రాసే పనికి దించారు, కానీ ఆ ముక్క నేను చెప్పలేదు. అమ్మ సంతోషం చూస్తే చెప్పాలనిపించలేదు.

చిన్నదాని ప్రాజెక్టులో మాత్రం ఇవేవీ లేవు. నర్సు. యుద్ధభూమి దేవత. అమెరికా అంతర్యుద్ధంలో, యాంటీటమ్ దగ్గర, తూటా చొక్కా చేతిలోంచి దూసుకుపోయి, తను నీళ్ళు పట్టిస్తున్న సైనికుడికి తగిలింది. తప్పిపోయిన సైనికుల కోసం వాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాలకి జవాబులు. 1881లో అమెరికన్ రెడ్‌క్రాస్. అన్నీ నిజమే, అన్నీ గొప్పవే. మా దానికి ఇచ్చిన కాగితంలో "టీచర్‌గా పనిచేసింది" అన్నది ఒక్క లైను. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి జీతాల గొడవ అర్థం కాదనుకున్నారేమో. నాకైతే వాళ్ళకే బాగా అర్థమవుతుందనిపిస్తుంది. ఇంట్లో తమ్ముడికి ఒక ముక్క ఎక్కువ పెట్టి చూడండి.

లేచి కొంచెం ముందుకి నడిస్తే అదే వీధిలో అసలు బడి, ఇప్పుడు నడుస్తున్నది. బోర్డు మీద "క్లారా బార్టన్ ఎలిమెంటరీ స్కూల్". శనివారం కాబట్టి మనుషులు లేరు. అమ్మ ఆగి బోర్డు చదువుకుంది.

"ఒకే వీధిలో ఈవిడకి రెండు బళ్ళా!"

ఒకటి ఆవిడ చెప్పిన బడి, రెండోది ఆవిడ పేరు పెట్టిన బడి అన్నాను. ఆ చిన్న గదిని కూడా ఊరికే వదిలెయ్యలేదు, వందేళ్ళ కింద బడిపిల్లలు పెన్నీలు పోగుచేసి ఇస్తే బాగుచేయించారు అని కూడా చెప్పాను. అమ్మకి జూనియర్ రెడ్‌క్రాస్ చందాలు గుర్తొచ్చాయి. పిల్లల దగ్గర పావలా అర్ధా వసూలు చేసి, ఇవ్వలేనివాళ్ళది తనే వేసి రసీదు రాసేదట. ఇన్నాళ్ళకి ఆ డబ్బు ఎవరి సంస్థకి వెళ్ళిందో తెలిసిందని నవ్వింది. ఇండియాలోది వేరే సంస్థ అమ్మా అన్నా, "అందరికీ ఒకటే గుర్తుగా" అంది.

"మనవాళ్ళు మాత్రం తక్కువా," అంది మళ్ళీ తనే. "గన్నవరం దగ్గర అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరేగా. ఇప్పుడు బడి భోజనానికి కూడా ఆవిడ పేరే పెట్టారు." లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చేపోయేవాళ్ళకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన మనిషి, 1909లో పోయారు. కోనసీమలో పుట్టినవాళ్ళెవరికైనా ఊరికే సాయం చేసిన మనిషంటే మొదట గుర్తొచ్చే పేరు అదే. మా అమ్మమ్మ అయితే ఎవరింట్లోనైనా కూర రెండోసారి వడ్డిస్తే "సీతమ్మగారి చెయ్యి" అనేది. "ఆ భోజనం వండే ఆడవాళ్ళకి ఎంతిస్తున్నారో కూడా చూడాలి మరి," అంది అమ్మ. ఇవాళ అమ్మని ఆ దారిలోంచి తప్పించడం నావల్ల కాదని అర్థమైంది.

తిరిగి నడుస్తుంటే నా వంతు వచ్చింది.

"నువ్వు ఇక్కడ స్కూల్లో ఊరికే చేశావు కదుటే మొదట్లో?"

చేశాను. హెచ్4 మీద, అంటే ఆయన ఉద్యోగ వీసాకి తోకగా వచ్చే భార్య వీసా మీద ఉన్నన్నాళ్ళూ. ఆ వీసా మీద జీతం తీసుకోకూడదు, ఊరికే చెయ్యొచ్చు. నా బీఎడ్‌ని బీరువాలో పెట్టి, లైబ్రరీలో పుస్తకాలు సర్దాను. బుక్ ఫెయిర్‌లో చిల్లర లెక్కపెట్టాను, లామినేట్ చేసిన బొమ్మల అంచులు కత్తిరించాను. వేలిముద్రలు కూడా ఇచ్చాను, అదొక తతంగం. ఇక్కడి బళ్ళు సగం తల్లుల చేతుల మీద నడుస్తాయి, ఆ తల్లుల్లో మనవాళ్ళు బోలెడుమంది. ఇంజినీర్లు, డాక్టర్లు, లెక్చరర్లు. గ్లూ స్టిక్కుల మూతలు వెతుకుతూ ఉంటారు. పని అనుమతి కార్డు వచ్చాక నేను అదే బళ్ళో క్లాసు సహాయకురాలిగా చేరాను. గంటకింత. పిల్లలూ వాళ్ళే, గదీ అదే, బుధవారం లైబ్రరీ పీరియడూ అదే.

"ఊరికే చేసినప్పుడు బాగుందా, డబ్బిస్తున్నప్పుడు బాగుందా?" అని అడిగింది.

ఊరికే చేసినప్పుడు అందరూ తెగ థాంక్యూ చెప్పేవాళ్ళు, ఏడాది చివర ఒక కొవ్వొత్తీ కార్డూ ఇచ్చేవాళ్ళు అన్నాను. ఇప్పుడు థాంక్యూలు తగ్గాయి కానీ, ఒంట్లో బాగోకపోతే మానేసే హక్కు వచ్చింది. అప్పట్లో జ్వరంతో కూడా వెళ్ళేదాన్ని, మానేస్తే మళ్ళీ పిలవరేమోనని.

"నేనూ అంతే," అంది అమ్మ.

టైర్లు అయిపోయాయి. నాలుగూ కొత్తవే వేశాడు, బిల్లు చూసి అమ్మ రూపాయల్లోకి మార్చుకుని కళ్ళు పెద్దవి చేసింది. దారిలో ఇండియన్ కొట్టుకి వెళ్ళి గోంగూర, చామదుంపలు తీసుకున్నాం. గోంగూర వాడిపోయింది, అయినా కొంది. మధ్యాహ్నం గోంగూర పప్పు, వేపుడు. చిన్నది ఈత నుంచి వచ్చి, చామదుంపలు జిగురని వంకలు పెట్టింది. అమ్మ దానికి ముద్దలు కలిపి పెడుతూ క్లారా బార్టన్ జీతం కథ మొత్తం చెప్పేసింది. అది నోట్లో ముద్ద పెట్టుకుని, "దట్స్ నాట్ ఫెయిర్, అమ్మమ్మా," అంది. అమ్మ నా వైపు చూసింది, చూశావా అన్నట్టు.

రాత్రి అమ్మ వాట్సాప్‌లో తనతోపాటు చేసిన టీచరమ్మకి ఫోన్ చేసింది. అక్కడ ఆదివారం పొద్దున. ఆవిడ కూడా వాలంటీరుగానే మొదలై, తర్వాత డీయస్సీ రాసి పర్మనెంటు అయింది, ఈమధ్యే రిటైరైంది. అమ్మ స్పీకరు పెట్టి మాట్లాడుతుంది, గదంతా వినపడాలి. అమ్మ చెప్పిన కథలో బోర్డెన్‌టౌన్ ఒక మండలం అయిపోయింది. కమిటీ పెద్ద ఎంఈవో అయ్యాడు. క్లారా బార్టన్ మొదటి రోజే ఇంటింటికీ తిరిగి, ఫలానా పాపని చెల్లెలితో సహా బడికి తెచ్చింది. నేను సరిచేద్దామని నోరు తెరిచి, మానేశాను.

అవతలావిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"అయితే టీచర్ గారూ, ఆ తేడా డబ్బులు అరియర్సుగా ఇప్పించారా లేదా తర్వాతైనా?"

ఇవ్వలేదటండీ, బిల్డింగుకి పేరు పెట్టారట అంది అమ్మ.

"పేరు పెట్టడానికి ఖర్చేముందండీ!" అందావిడ. తర్వాత ఇద్దరూ పెన్షన్ల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.